పొడి చెత్త ఎవరిది?

ఇంట్లో రెండు డబ్బాలు పెట్టుకోండి, తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త ఇంకోదాంట్లో వేయండి అని మున్సిపాలిటీలు పదేళ్లుగా చెబుతున్నాయి. గోడల మీద రాతలు, ఆటోల్లో పాటలు, బడి పిల్లలకు వ్యాసరచన పోటీలు, అన్నీ ఆ రెండు డబ్బాల గురించే. డబ్బా ఆటోలోకి ఒంపాక అందులోని అట్టముక్క, నీళ్ల సీసా, పాల కవరు ఎవరి సొత్తు అవుతాయన్నది మాత్రం ఏ గోడ మీదా రాయరు.

పొడి చెత్త సేకరణకు నగరం వేసే ప్రతి ప్రణాళికా ఒక ఆస్తి పంపకమేనని మేం అనుకుంటున్నాం. అమ్ముడుపోయే సరుకు ఎవరికి పోవాలి, అమ్ముడుపోని మురికి ఎవరి చేతుల్లో మిగలాలి అన్నది అందులోనే తేలిపోతుంది. ఆ కాగితాల్లో కులం అనే మాట ఉండదు. పంపకం మాత్రం కులం దారినే నడుస్తుంది. అలాంటి ప్రణాళికలు, టెండర్లు చదవాల్సి వచ్చే కార్యకర్తలకు, విద్యార్థులకు పనికొస్తుందని ఈ వ్యాసం.

చిత్తుకాగితాలు ఏరే చేతులు

మున్సిపాలిటీ రీసైక్లింగ్ అనే మాట నేర్చుకోకముందే మన ఊళ్లలో ఆ పని జరుగుతోంది. భుజాన గోనె సంచితో చిత్తుకాగితాలు ఏరేవాళ్లు, తోపుడు బండి మీద పాత పేపర్లు కొనేవాళ్లు, వీధి చివర పాత ఇనుప సామాన్ల కొట్టు, ఊరి బయట పెద్ద గోదాము, ఆ తర్వాత ఫ్యాక్టరీ. ఈ గొలుసులో కింది మెట్టు మీద ఉన్నది ఎవరో అందరికీ తెలుసు. ఉత్తరాంధ్ర, గోదావరి పట్టణాల్లో పారిశుధ్యం పని రెల్లి కులస్తుల మీద పడింది. తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువగా మాదిగల మీద పడింది. నెల్లూరు, గుంటూరు వైపు పట్టణాల్లో చెత్త ఏరి బతికే యానాది కుటుంబాలున్నాయి. బెంగళూరు వీధులూడ్చే పౌరకార్మికుల్లో చాలామంది అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వలసపోయిన మాదిగలు. వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది.

ప్రణాళిక వేసేవాళ్లు తరచూ మరచిపోయే విషయం ఒకటుంది. ఇళ్లలోని మంచి సరుకు అసలు డబ్బాలోకే రాదు. పాత పేపర్లు, ఇనుము, రాగి తీగ, బీరు సీసాలు ఇంటివాళ్లో, పనిమనిషో, వాచ్‌మనో ముందే అమ్మేస్తారు. డబ్బాలో పడేది రెండో రకం: పాల కవర్లు, నీళ్ల సీసాలు, డెలివరీ అట్టపెట్టెలు, చిప్స్ ప్యాకెట్లు. వీటిలో చిప్స్ ప్యాకెట్ లాంటి పొరలు పొరలుగా అంటించిన ప్లాస్టిక్‌ను పాత సామాన్ల కొట్టువాడు కొనడు. కాబట్టి డబ్బాలోని ప్రతి కిలోకూ డబ్బు వస్తుందని లెక్కేసే ప్రణాళిక మొదటి నెలలోనే తలకిందులవుతుంది. ఆ నష్టం చివరికి సరుకు వేరు చేసే మనిషి కూలీలోంచే కోస్తారు.

ధరలు కూడా ఆ మనిషి చేతిలో ఉండవు. ముడి చమురు ధర పడిపోతే కొత్త ప్లాస్టిక్ చౌకవుతుంది, పాత సీసాకు గిరాకీ తగ్గుతుంది. 2021 అక్టోబరు 1 నుంచి ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీ 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. పన్ను కట్టేది పెద్ద వ్యాపారే అయినా ఆ బరువు కిందికి జారుతూ వస్తుంది. బస్తా మోసుకొచ్చే మనిషి దగ్గర ఎవరి మీదికి జార్చాలన్నా ఇంకెవరూ ఉండరు.

హైదరాబాద్‌లో జరిగిన పంపకం

జీహెచ్‌ఎంసీ 2015లో స్వచ్ఛ ఆటోలను దింపి, ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచింది. ఆటో డ్రైవర్ జీతగాడు కాదు. బ్యాంకు అప్పుతో బండి తీసుకుని, ఇళ్ల నుంచి నెలనెలా వచ్చే రుసుముతోనూ, పొడి చెత్త అమ్మితే వచ్చే డబ్బుతోనూ వాయిదాలు కట్టుకోవాలి. అందుకే నగరంలో ఏ ఆటో చూసినా పక్కల నుంచి గోనె సంచులు వేలాడుతుంటాయి. డ్రైవర్ భార్యో, తమ్ముడో చెత్త కుప్ప మీదే నిలబడి సీసాలు, అట్టలు వేరు చేస్తుంటారు. చేతులకు తొడుగులుండవు. ఇదే ఈ నగరపు అసలు రీసైక్లింగ్ కేంద్రం, నాలుగు చక్రాల మీద తిరుగుతుంది. ప్రణాళికలో దానికి చోటు లేదు కాబట్టి ఆ పనికి నీడ లేదు, నీళ్లు లేవు, కూలీ లేదు.

మరోపక్క, వీధుల్లోని చెత్తకుండీలను తీసేస్తూ వచ్చారు. నగరం శుభ్రంగా కనబడటానికి అది మంచిదేనని చాలామంది ఒప్పుకుంటారు. కానీ ఆ కుండీల దగ్గర ఏరుకునే ఆడవాళ్లకు అది పొలం పోయినట్టే. నిన్నటిదాకా కుండీలో ఉన్న సరుకు ఇవాళ ఆటోలోకి మారింది. వాళ్లను పిలిచి, లెక్కబెట్టి, ఆటో మీదో, కేంద్రంలోనో పని ఇచ్చి ఉంటే అది మార్పు అనిపించుకునేది. అదేమీ లేకుండా కుండీలు మాయం కావడాన్ని మేం స్వాధీనం అనే అంటాం.

ఆటోల సరుకు ట్రాన్స్‌ఫర్ స్టేషన్ల మీదుగా జవహర్‌నగర్ చేరుతుంది. అక్కడ దశాబ్దాలుగా పోగుపడిన కోటి టన్నులకు పైగా చెత్తను కప్పేశారు. 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్ కేంద్రం మొదలైంది. ఇక్కడ ఒక పేచీ ఉంది. మన ఇళ్ల చెత్తలో కూరగాయల తొక్కలు, అన్నం మెతుకులు ఎక్కువ. తడి సరుకు మండదు. బాయిలర్ మండాలంటే కాగితం, అట్ట, ప్లాస్టిక్ కావాలి. అంటే చిత్తుకాగితాలు ఏరే మనిషికి కావలసిందీ, బాయిలర్‌కు కావలసిందీ ఒకటే సరుకు. ఒక నగరం ఇలాంటి కేంద్రానికి రోజుకు ఇన్ని టన్నులు ఇస్తానని పాతికేళ్ల ఒప్పందం రాస్తే, ఆ తర్వాత వార్డుల్లో రీసైక్లింగ్ పెంచుతామని ఎంత చెప్పినా ఒప్పందం వెనక్కి లాగుతూనే ఉంటుంది. మీ ఊళ్లో అలాంటి కేంద్రం వస్తోందంటే మొదట ఆ టన్నుల అంకె అడగాలి.

టన్నుల లెక్కలో ఇంకో చిక్కు. కంపెనీకి తూకాన్ని బట్టి డబ్బిస్తే, తడిసిన, కలిసిపోయిన చెత్తే దానికి లాభం. పొడి చెత్త బరువు తక్కువ, జాగా ఎక్కువ తింటుంది. ఇంట్లో ఎంత శ్రద్ధగా వేరు చేసినా బండిలో అంతా ఒకే కుప్ప కావడానికి జనం నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. వేరుగా ఉంచినందుకు ఒప్పందంలో ఎవరికీ పైసా రాదు.

పుణె ఆడవాళ్లు సాధించినది

ఈ విషయంలో మనకు దగ్గర్లో ఉన్న పాఠం పుణె. అక్కడ చెత్త ఏరేవాళ్లలో అత్యధికులు దళిత ఆడవాళ్లు. చాలా కుటుంబాలు 1972 కరువులో మరాఠ్వాడా నుంచి నగరానికి వచ్చినవి. ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో వయోజన విద్య పనిచేస్తున్న లక్ష్మీ నారాయణ్, పూర్ణిమా చికర్మానే ఈ ఆడవాళ్లతో కలిసి, ఇంటి దగ్గరే వేరు చేసిన పొడి చెత్త నేరుగా వీళ్ల చేతికి అందేలా ప్రయత్నం మొదలుపెట్టారు. అదే చెత్త కోసం ఓ ప్రైవేటు వ్యాపారి బండి దిగేసరికి గొడవ మొదలైంది. 1993లో బాబా ఆఢావ్ అండతో ‘కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్’ అనే సంఘం ఏర్పడింది. కాగితం, గాజు, రేకు ఏరే కష్టజీవుల పంచాయతీ అని అర్థం. ఆ పేరు మాకు చాలా ఇష్టం. అందులో జాలి లేదు, సరుకు పేరు ఉంది, పని పేరు ఉంది.

వాళ్లు మొదట అడిగింది గుర్తింపు కార్డు. 1990ల మధ్యలో మున్సిపల్ కార్పొరేషన్ ముద్రతో ఆ కార్డులు వచ్చాయి. దొంగతనం పేరుతో పోలీసులు పట్టుకుపోయే మనుషులు ఆ కార్డుతో కార్మికులయ్యారు. 2008లో సంఘం సభ్యులు ‘స్వచ్ఛ్’ సహకార సంస్థగా ఏర్పడి కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకున్నారు. మూడు వేల మందికి పైగా సభ్యులు ఇంటింటికీ వెళ్లి తడి, పొడి చెత్త తీసుకుంటారు. ఇళ్లవాళ్లు నెలనెలా రుసుము ఇస్తారు. పొడి సరుకు మీద హక్కు సభ్యులదే. తోపుడు బండ్లు, వేరు చేసే షెడ్లు, సంస్థ నడిపే ఖర్చు కార్పొరేషన్ భరించాలి. అంటే ఆదాయం రెండు రకాలు: సేవకు ఒకటి, సరుకుకు ఒకటి. అట్టల ధర పడిపోయిన నెలలో కూడా పొయ్యి వెలిగేది మొదటి రకం ఆదాయం వల్లే.

అక్కడ అంతా సవ్యంగా ఉందని మేం అనడం లేదు. ఒప్పందం గడువు దగ్గరపడినప్పుడల్లా ఈ పని కంపెనీకి ఇద్దామనే మాట లేచింది. షెడ్లకు జాగా ఇవ్వడంలో సాగదీత ఉంది. కానీ సరుకు ఎవరిది అన్న ప్రశ్నకు అక్కడ కాగితం మీద జవాబు ఉంది. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ మాకు కనబడనిది అదే.

బెంగళూరు ఇంకో దారి పట్టింది. 2011లోనే అక్కడి కార్పొరేషన్ చెత్త ఏరేవాళ్లకు గుర్తింపు కార్డులిచ్చింది. వార్డుల్లో పొడి చెత్త కేంద్రాలు కట్టి, వాటిలో అనేకం నడిపే బాధ్యత వాళ్లకే అప్పగించింది. ‘హసిరు దళ’ సంస్థ దీని వెనక ఉంది. చెత్త ఏరిన మనిషే కేంద్రం నిర్వాహకుడు కావడం చిన్న విషయం కాదు. అయితే నిర్వాహకుడు అయ్యాక అమ్ముడుపోని సరుకు తరలించే ఖర్చు, కరెంటు బిల్లు, కూలీల జీతాలు అన్నీ తన నెత్తికి వస్తాయి. తెలంగాణ మున్సిపాలిటీల్లో డ్రై రిసోర్స్ కలెక్షన్ సెంటర్ల పేరుతో షెడ్లు కట్టారు. వాటి తాళం ఎవరి దగ్గర ఉందో, మిగులు సరుకు ఖర్చు ఎవరు భరిస్తున్నారో కనుక్కోవడం విద్యార్థులకు మంచి పరిశోధన అంశం.

ఒక వార్డుకు లెక్క వేస్తే

ఉద్యమాల్లో ఉన్నవాళ్లు లెక్కలు అధికారులకు వదిలేస్తారు. అది మంచిది కాదు. ఒక వార్డులో 5,000 ఇళ్లున్నాయనుకుందాం. ఇంటికి రోజుకు 300 గ్రాముల పొడి చెత్త వస్తుందనుకుంటే వారానికి పదిన్నర టన్నులు. ఒక ఆటోలో వదులుగా నింపితే 300 కిలోలు పడుతుందనుకుంటే 35 ట్రిప్పులు కావాలి. ఆరు పనిదినాలకు పంచితే రోజుకు ఆరు ట్రిప్పులు, అంటే రోజుకు రెండేసి ట్రిప్పులు వేసే మూడు ఆటోలు. ఇవి పొడి చెత్తకు మాత్రమే. ఒక మనిషి రోజుకు 150 కిలోలు వేరు చేయగలదనుకుంటే ఆ వార్డు షెడ్డులో పన్నెండు మందికి పని ఉంటుంది.

ఈ అంకెలు మేం ఊహించుకున్నవి. మీ వీధిలో ఒక వారం రోజులు తూకం వేసి అసలు అంకెలు పెట్టుకోండి, తేడా ఎంతైనా ఉండొచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. ఇలా లెక్కేస్తే మున్సిపాలిటీ ప్రణాళికలో ఏది లేదో వెంటనే కనబడుతుంది. బండ్లకు పద్దు ఉంటుంది, డీజిల్‌కు పద్దు ఉంటుంది, ఆ పన్నెండు మందికి పద్దు ఉండదు. వేరు చేయడం దానంతటదే జరిగిపోతుందని అనుకుంటారు. వందల ఏళ్లుగా ఎవరో ఒకరు చేస్తూ వచ్చారు కదా మరి.

పొడి చెత్త రోజూ తీసుకోవాల్సిన అవసరం లేదు, వాసన రాదు. వారానికి రెండు రోజులు నియమించి ఆ రోజు పొడి చెత్త తప్ప వేరేది తీసుకోకపోతే కలిసిపోవడం చాలావరకు ఆగుతుంది. ఇంకో మాట, ఆటో పట్టని సందులున్న బస్తీలకు తోపుడు బండి పెట్టాలి. ఇంటింటి సేకరణ మురికివాడలకూ అందాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. కాలనీకి ఆటో వస్తుంది, దళితవాడ మొదట్లో కుప్ప పేరుకుంటుంది. ఆ కుప్ప చూసి ‘వీళ్లకు శుభ్రత తెలియదు’ అనేవాళ్లు ఉండనే ఉంటారు.

పొడి డబ్బాలోని తడి

2016 నిబంధనల్లో మమ్మల్ని ఎప్పుడూ బాధపెట్టేది ఒక వాక్యం. వాడేసిన శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు కాగితంలోనో, కంపెనీ ఇచ్చే సంచిలోనో చుట్టి పొడి చెత్త డబ్బాలో వేయాలని అందులో ఉంది. రాసినవాళ్ల బల్ల మీద అది పొడిగానే కనబడి ఉంటుంది. షెడ్డులో ఆ పొట్లం విప్పేది ఒక ఆడమనిషి చేయి, తొడుగు లేని చేయి. పుణె సంఘం దీని మీద గట్టిగా పోరాడింది. ఇళ్లవాళ్లు పొట్లం మీద ఎర్ర చుక్క పెట్టాలని ప్రచారం చేసింది. 2013లో వాడిన ప్యాడ్లను సంచుల్లో కట్టి తయారీ కంపెనీలకే తిరిగి పంపింది. 2016 నిబంధనల స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కేంద్రం తెచ్చిన కొత్త నిబంధనల్లో శానిటరీ చెత్తను ప్రత్యేకంగా వేరు చేయాలని ఉంది. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని ఇప్పుడు నాలుగు రకాలు. నాలుగో డబ్బా కొనమని ఇళ్లకు చెప్పడం తేలిక. ఆటోలో దానికి వేరే అర ఉందా, అది చివరికి ఎక్కడికి పోతుంది అన్నది చూడాలి.

పని చేసినందుకు కూలీ ఎవరివ్వాలి

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన ‘క్లాప్’ కార్యక్రమంతో ఇళ్ల మీద రుసుము వేశారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. రేషన్ కార్డు ఉన్న ఇంటికీ అది తప్పలేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. పేదల మీద రుసుము పోవడం మంచిదే. కానీ ఆ చర్చ అంతా కట్టేవాళ్ల గురించే జరిగింది. ఆ డబ్బు బండి యజమానికి పోయిందా, సరుకు వేరు చేసే మనిషికి పోయిందా అని ఏ పార్టీ అడగలేదు.

కొలంబియాలో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. చెత్త ఏరేవాళ్లను తప్పించి కంపెనీలకు కాంట్రాక్టులివ్వడం వాళ్ల జీవనోపాధి హక్కును కాలరాయడమేనని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2003 నుంచి వరసగా తీర్పులిచ్చింది. 2013 నుంచి బొగోటా నగరం, వాళ్లు చేర్చిన సరుకు తూకం ప్రకారం, నగర సేవా రుసుములోంచే వాళ్లకు చెల్లించడం మొదలుపెట్టింది. సరుకు అమ్మిన డబ్బు దానికి అదనం. ఒక కిలో సీసాలు ఏరితే ఆ కిలోను డంప్ యార్డుకు మోసే ఖర్చు నగరానికి మిగులుతుంది. ఆ మిగులులో వాటా అడగడం భిక్ష కాదు.

మన దేశంలో ఈ డబ్బు ఇంకో రూపంలో తిరుగుతోంది. 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలు తాము మార్కెట్లో వదిలినంత ప్లాస్టిక్ రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్లు కొనాలి. ఆ సర్టిఫికెట్ పుట్టేది రీసైక్లింగ్ ఫ్యాక్టరీలో. సీసా ఏరిన మనిషి పేరు అందులో ఎక్కడా ఉండదు. 2023లో దాదాపు 6 లక్షల బోగస్ సర్టిఫికెట్లు బయటపడ్డాయని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తేల్చింది. కాగితం మీద రీసైక్లింగ్ చేసినవాళ్లకు డబ్బు ముట్టింది, రోడ్డు మీద చేసినవాళ్లకు ముట్టలేదు.

ఈ పనిలోనే ఉండాలా?

దళిత ఉద్యమంలో దీనిమీద రెండు మాటలున్నాయి. ఒకటి, ఈ పనిని హక్కుగా, ఉపాధిగా గుర్తించాలి అనేది. రెండోది, కార్డులూ యూనిఫారాలూ ఇచ్చి మన పిల్లల్ని మళ్లీ అదే చెత్తలోకి దించుతున్నారు అనేది. అంబేడ్కర్ 1927లో మహాడ్ సభలో చచ్చిన పశువుల కళేబరాలు మోసే పని మానేయమని మహర్లకు చెప్పారు. ఆ పిలుపు విన్నవాళ్లకు చెత్త ఏరేవాళ్ల సహకార సంఘం గొప్ప విజయంగా కనబడకపోవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే.

అయినా మా అభిప్రాయం ఇది. పని మానేయమని చెప్పే హక్కు ఉన్నది మానేశాక బతికే దారి చూపించగలిగినవాళ్లకే. ఈ రోజు సంచి పట్టుకున్న ఆడమనిషికి సరుకు మీద హక్కు, కూలీ, షెడ్డు కావాలి. ఆమె కూతురికి వేరే చదువు, వేరే పని కావాలి. రెండూ ఒకే కుటుంబంలోని అవసరాలు. కేంద్ర ప్రభుత్వ ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల్లో ప్రమాదకర పారిశుధ్య వృత్తుల వాళ్ల పిల్లలకు ఒక విభాగం ఉంది, అందులో చెత్త ఏరేవాళ్ల పిల్లలూ వస్తారు. కులంతోనూ, ఆదాయ పరిమితితోనూ సంబంధం లేదు. కానీ తల్లి ఆ పని చేస్తోందని ధ్రువీకరణ కావాలి. గుర్తింపు లేని తల్లి ఆ కాగితం ఎక్కణ్నుంచి తెస్తుంది? పని గుర్తింపు లేకపోతే పనిలోంచి బయటపడే దారి కూడా మూసుకుపోతుంది. 2024లో ‘నమస్తే’ పథకంలోకి చెత్త ఏరేవాళ్లను చేర్చారు. మీ పట్టణంలో ఆ నమోదు ఎంతమందికి జరిగిందో, నమోదైనవాళ్లలో ఆడవాళ్లెందరో మున్సిపల్ కార్యాలయంలో అడగొచ్చు.

అడగాల్సిన కాగితాలు

సమాచార హక్కు దరఖాస్తులో ‘చెత్త నిర్వహణ వివరాలు ఇవ్వండి’ అని రాస్తే రంగుల కరపత్రం వస్తుంది. ఫలానా కాగితం అని పేరు పెట్టి అడగాలి. సేకరణ, రవాణా, ప్రాసెసింగ్ ఒప్పందాల పూర్తి ప్రతులు, వాటి అనుబంధాలతో సహా. చెల్లింపు టన్ను లెక్కనా, ఇళ్ల లెక్కనా అన్న షరతు. గత మూడు నెలల వేబ్రిడ్జి రిజిస్టరు. పొడి చెత్త కేంద్రాల జాబితా, ఒక్కోటి ఎవరు నడుపుతున్నారు, అమ్మకాల డబ్బు ఏ ఖాతాలో పడుతోంది. చెత్త ఏరేవాళ్ల సర్వే జరిగిందా, జరిగితే తేదీ, సంఖ్య. చెత్త ఏరేవాళ్ల సంఘాలను గుర్తించే పద్ధతి పెట్టుకోవాలని 2016 నిబంధనలు స్థానిక సంస్థలకు చెప్పాయి కాబట్టి, అప్పటి నుంచి ఆ విషయమై జారీ అయిన ఉత్తర్వుల ప్రతులు. తొడుగులు, బూట్లు, మాస్కుల కొనుగోలు బిల్లులు, పంపిణీ రిజిస్టరు సంతకాలతో సహా. ఈ చివరిదాన్ని వదలొద్దు, సంతకాల పేర్లను షెడ్డులో ఉన్న మనుషులతో పోల్చి చూడొచ్చు.

తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ల పేరుతో దరఖాస్తు పెడితే రుసుము ఉండదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.